మీ పడకకు లెక్క కట్టేది ఎవరు?

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ముందు వచ్చే ప్రశ్న ‘ఏ ఆస్పత్రికి పోదాం?’ డాక్టర్ పేరు అడుగుతాం. గది అద్దె అడుగుతాం. ఇన్సూరెన్స్ పనిచేస్తుందో లేదో కనుక్కుంటాం. హన్మకొండలో తేలకపోతే హైదరాబాద్‌కు బయలుదేరతాం. ఒక్క ప్రశ్న మాత్రం దాదాపు ఎవరూ అడగరు. ఆ ఆస్పత్రి ఎవరిది?

ముప్పై ఏళ్ల కిందట ఆ ప్రశ్నతో పని ఉండేది కాదు. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కింద క్లినిక్, పైన డాక్టర్‌గారి ఇల్లు. చీటీ రాసేది ఆయనే, బిల్లు తగ్గించేదీ ఆయనే. వాళ్లంతా మహానుభావులని చెప్పడం లేదు. అక్కర్లేని సెలైన్లు, ఆపరేషన్లు, ఆర్‌ఎంపీలకు కమీషన్లు అప్పుడూ ఉన్నాయి. కానీ తప్పు జరిగితే నిలదీయడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఆయన కూడా అదే ఊళ్లో, అదే కూరగాయల మార్కెట్లో మనకు కనిపించాల్సిందే.

ఇప్పుడు పెద్ద ఆస్పత్రి యజమాని మన ఊళ్లో ఉండడు. ఒక్కోసారి మన దేశంలోనే ఉండడు. ఈ మార్పు మన ఆరోగ్యం మీద, మన జేబు మీద ఏం చేస్తుందో మధ్యతరగతి కుటుంబాలు తెలుసుకోవాల్సిన సమయం వచ్చింది.

చేతులు మారిన ఆస్పత్రులు

హైదరాబాద్‌లో కేర్ ఆస్పత్రి 1997లో మొదలైంది. డాక్టర్ బి.సోమరాజు నాయకత్వంలో కొందరు గుండె వైద్యులు కలిసి పెట్టుకున్న ఆస్పత్రి అది. 2012లో అమెరికాకు చెందిన అడ్వెంట్ ఇంటర్నేషనల్ అనే పెట్టుబడి సంస్థ అందులోకి వచ్చింది. 2016లో దుబాయ్‌కి చెందిన అబ్రాజ్ గ్రూపు దాన్ని కొన్నది. 2018లో అబ్రాజ్ కుప్పకూలడంతో, మరుసటి ఏడాది దాని ఆరోగ్య నిధి అమెరికా సంస్థ టీపీజీ చేతికి వెళ్లింది. 2023లో మెజారిటీ వాటాను బ్లాక్‌స్టోన్ కొన్నది. 2024 నవంబరులో ఆస్టర్ ఆస్పత్రుల సంస్థతో విలీనం ప్రకటించారు. అంటే 2012 నుంచి 2023 వరకు పదకొండేళ్లలో నాలుగు పెట్టుబడి సంస్థలు.

అక్కడ వైద్యం బాగుండదని దీని అర్థం కాదు. నిపుణులైన డాక్టర్లు అక్కడ ఉన్నారు, ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. చెప్పొచ్చేది యాజమాన్యం ఎంత దూరం జరిగిందన్నదే. ఇది ఒక్క ఆస్పత్రి కథ కూడా కాదు. హైదరాబాద్‌లోనే పుట్టిన గ్లోబల్ ఆస్పత్రుల్లో 2015లో మలేసియాకు చెందిన ఐహెచ్‌హెచ్ మెజారిటీ వాటా తీసుకుంది. కిమ్స్ 2021లో, పిల్లల ఆస్పత్రి రెయిన్‌బో 2022లో స్టాక్ మార్కెట్‌లోకి వచ్చాయి. ఆస్పత్రుల్లో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదని మన ప్రభుత్వం 2000 సంవత్సరంలోనే తలుపులు తెరిచింది.

ప్రైవేట్ ఈక్విటీ సంస్థ అంటే ఏమిటి? పెన్షన్ నిధులు, బాగా డబ్బున్నవాళ్ల దగ్గర సొమ్ము సేకరించి కంపెనీలు కొంటుంది. సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్లు ఉంచుకుని, ఎక్కువ ధరకు అమ్మి లాభం పంచుతుంది. ఇల్లు కొని, రంగులేసి, మంచి ధర వచ్చినప్పుడు అమ్మేసే వ్యాపారం లాంటిదే. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ అమ్మేనాటికి ధర పెరగాలంటే ఈ కొద్ది ఏళ్లలోనే ఆదాయం పెరగాలి. ఆస్పత్రి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? పడక మీదున్న మనిషి నుంచే.

రోగికి కనిపించని అంకె

స్టాక్ మార్కెట్‌లో ఉన్న ఆస్పత్రులు మూడు నెలలకోసారి మదుపరులకు లెక్కలు చెబుతాయి. అందులో ముఖ్యమైన అంకె ఒకటుంది. దాన్ని ‘ఆర్పాబ్’ అంటారు. నిండిన ఒక్కో పడక మీద రోజుకు సగటున ఎంత ఆదాయం వచ్చిందన్న లెక్క. ఆ అంకె పెరిగితే మదుపరులు సంతోషిస్తారు. తగ్గితే ఎందుకు తగ్గిందని యాజమాన్యాన్ని అడుగుతారు.

ఈ అంకె పెరగడానికి మంచి దారులు ఉన్నాయి. అవయవ మార్పిడి, క్లిష్టమైన గుండె ఆపరేషన్లు వంటి పెద్ద చికిత్సలు చేస్తే పెరుగుతుంది. కోలుకున్నవారిని అనవసరంగా ఉంచకుండా త్వరగా ఇంటికి పంపినా పెరుగుతుంది. వేరే దారులూ ఉన్నాయి. పరీక్షలు ఎక్కువ రాయడం, వార్డులో సరిపోయేవారిని ఐసీయూలో ఉంచడం, తక్కువ ధర చెల్లించే ప్రభుత్వ పథకాల రోగుల వాటా తగ్గించుకోవడం. మంచి దారిలో వచ్చిందా, చెడ్డ దారిలో వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. దూరాన ఉన్న యజమానికి కనిపించేది అంకె మాత్రమే.

ఆ ఒత్తిడి చివరికి జీతం మీద పనిచేసే డాక్టర్ దాకా వస్తుంది. చాలాచోట్ల జీతంలో కొంత భాగం తెచ్చిన ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ‘ఈ నెల మీ విభాగంలో అడ్మిషన్లు తగ్గాయి’ అన్న మాట సమావేశాల్లో వినిపిస్తుందని మాతో చదువుకున్నవాళ్లే చెబుతుంటారు. వాళ్లు చెడ్డ డాక్టర్లు కారు. రోగికి ఈ స్కాన్ కావాలా వద్దా అని సందేహం వచ్చిన క్షణంలో, త్రాసు ఏ వైపు మొగ్గుతుందన్నదే అసలు సమస్య.

సందేహం ఎటు మొగ్గుతుందో చూపే కాన్పులు

డబ్బు లెక్క వైద్య నిర్ణయాన్ని మారుస్తుందా అంటే మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. తెలంగాణలో 60.7 శాతం. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం ఉంటే, ప్రైవేటులో 81.5 శాతం. అంటే ప్రైవేటులో పది మంది గర్భిణులు చేరితే ఎనిమిది మందికి కోత పడుతోంది. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

ఇందుకు ఒక్క కారణమే లేదు. ముహూర్తం చూసి కడుపు కోయమని అడిగే కుటుంబాలు మనలోనే ఉన్నాయి. నొప్పులంటే భయం ఉంది. ఒకసారి సిజేరియన్ అయితే రెండోసారీ అదే అన్న అలవాటు ఉంది. ప్రభుత్వ ఆస్పత్రుల అంకె కూడా గర్వపడేదేమీ కాదు. చిన్న నర్సింగ్ హోమ్‌లు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి నెపం మొత్తం కార్పొరేట్ల మీదికి తోయలేం. కానీ ఒకే రాష్ట్రంలో, అదే ఆడవాళ్లలో, ఆస్పత్రి మారితే కోతల శాతం దాదాపు రెట్టింపు కావడానికి శరీర ధర్మం ఒక్కటే కారణం కాజాలదు. సాధారణ కాన్పుకు పన్నెండు గంటలో, ఇంకా ఎక్కువో కనిపెట్టుకుని కూర్చోవాలి. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, సమయం ముందే నిర్ణయించుకోవచ్చు, బిల్లు కూడా ఎక్కువ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అవసరమైనప్పుడు సిజేరియన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. బిడ్డ గుండె చప్పుడు తగ్గిందని డాక్టర్ చెప్పినప్పుడు అనుమానంతో ఆలస్యం చేయకూడదు. ఎందుకు అవసరమైందో చెప్పమని అడగడం మాత్రం మీ హక్కు.

డాక్టరే యజమానిగా ఉన్నచోట కూడా డబ్బు ఇంత పనిచేస్తే, యజమాని పని పెట్టుబడి పెంచడమే అయినచోట ఏమవుతుంది? అమెరికాలో దీన్ని కొలిచారు. ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు కొన్న 51 ఆస్పత్రులను, కొనని 259 ఆస్పత్రులతో పోల్చిన అధ్యయనం 2023 డిసెంబరులో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చింది. కొనుగోలు తర్వాత, ఆస్పత్రిలో ఉండగా రోగులకు జరిగే హాని 25.4 శాతం పెరిగింది. మంచాల మీద నుంచి పడిపోవడం, రక్తనాళంలోకి వేసే గొట్టాల దగ్గర ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. సిబ్బందిని తగ్గించడం ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు సూచించారు. మన దేశం పరిస్థితి వేరు, ఆ అంకెను ఇక్కడికి తెచ్చి అతికించలేం. కానీ ఆస్పత్రి చేతులు మారినప్పుడు అక్కడ అలా కొలుస్తున్నారు. ఇక్కడా కొలవాలి.

సర్కారు వదిలిన చోట

కార్పొరేట్ ఆస్పత్రులు బలవంతంగా వచ్చి కూర్చోలేదు. మనం ఖాళీగా వదిలిన చోటులోకి వచ్చాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాతో పాటు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర సరిహద్దు గ్రామాల నుంచి కూడా ఎంజీఎంకు రోగులు వస్తారు. 2022 మార్చిలో అక్కడి ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికిన ఘటన దేశమంతా వార్త అయింది. అలాంటి వార్త చదివిన కుటుంబం అప్పు చేసైనా ప్రైవేటుకు పోతామంటే తప్పు పట్టలేం.

సర్కారు దవాఖానలో పనిచేసేవాళ్లకు ఆ ప్రయాణం రెండో వైపు కూడా తెలుసు. వారం పది రోజులు ప్రైవేటు ఐసీయూలో ఉంచి, నగలు కుదువపెట్టి, చేను బేరం పెట్టి, ఇక కట్టలేమన్న రోజున అంబులెన్స్‌లో మా దగ్గరికి వస్తారు. ఫైలు మందంగా ఉంటుంది. ‘సారూ, ఇప్పటిదాకా ఇంత పెట్టినం, మీరే ఏమన్న జేయాలె’ అంటారు. 2017-18 జాతీయ గణాంక సర్వే ప్రకారం కాన్పులు కాకుండా ఒకసారి ఆస్పత్రిలో చేరితే సగటు ఖర్చు ప్రభుత్వంలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. ఏడు రెట్ల తేడా. పెద్ద జబ్బయితే ఆ సగటు ఎక్కడికో పోతుంది.

ఆరోగ్యశ్రీ ఈ బాధ తగ్గించడానికే వచ్చింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం పేదవాడిని కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కించింది. ఎన్నో గుండెలు, మూత్రపిండాలు నిలబెట్టింది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. కానీ ఆ డబ్బులో పెద్ద భాగం ప్రైవేటు ఆస్పత్రులకు వెళ్లింది. అదే సొమ్ముతో జిల్లా ఆస్పత్రుల్లో క్యాథ్‌ల్యాబ్‌లు, నిపుణులు, నర్సులు పెరగాల్సినంత పెరగలేదు. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదంటూ నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. బకాయి పెట్టడం ప్రభుత్వం తప్పు. కానీ ఒక రాష్ట్రంలో పేదల చికిత్స ఆగిపోవడానికి ఒక సంఘం నిర్ణయం చాలన్నది అంతకంటే పెద్ద విషయం. ప్రభుత్వానికి సొంత పడకలు, సొంత నిపుణులు ఉన్నప్పుడే బేరంలో బలం ఉంటుంది.

అందుకే పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021 జూన్‌లో శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆస్పత్రి మనందరి వ్యవహారం. అంతస్తులు వైద్యం చేయవు. ఎందరు గుండె నిపుణులు, ఎందరు మత్తు డాక్టర్లు, ఎందరు నర్సులు పర్మనెంట్‌గా వస్తారన్నదే మనం అడగాల్సింది. వరంగల్‌లో రాత్రి రెండు గంటలకు సర్కారు ఆస్పత్రిలో స్టెంట్ వేయగలిగితే, పక్కనున్న ప్రైవేటు ఆస్పత్రి కూడా ధర చూసుకునే వేస్తుంది.

కళ్లెం వేస్తే ఆగుతాయి

‘అంత పెద్ద కంపెనీలను ఎవరు ఆపుతారు సార్’ అని చాలామంది నిట్టూరుస్తారు. ఆపిన సందర్భాలున్నాయి. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. అప్పటిదాకా సగటున 1.21 లక్షల రూపాయలున్న మందు పూత స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. మామూలు స్టెంట్ 7,260 అయింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్ల ఇంప్లాంట్లకూ పరిమితి వచ్చింది. ఆస్పత్రులు మూతపడలేదు.

అదే సంస్థ 2018లో ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు పరిశీలించింది. కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. ఎక్కువ లాభం తయారీదారుకు కాక ఆస్పత్రికే పోతోందని చెప్పింది. పెద్ద ఎత్తున కొనే ఆస్పత్రికి సరుకు తక్కువకు వస్తుంది, ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ మాత్రం ఎక్కువగా ముద్రిస్తారు. బిల్లు ఎంఆర్‌పీ ప్రకారమే కాబట్టి కాగితం మీద తప్పు కనిపించదు. ఒక వస్తువుకు ధర కట్టేస్తే లాభం ఇంకో వస్తువు కిందికి జరుగుతుందన్నది ఇందులో మనం నేర్చుకోవాల్సింది.

కరోనా సమయంలో మనమూ చూశాం. 2020 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటులో రోజుకు మామూలు ఐసోలేషన్ వార్డుకు 4,000, వెంటిలేటర్ లేని ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలని నిర్ణయించింది. ఖరీదైన మందులు, పీపీఈ కిట్లను అందులో కలపలేదు. బిల్లులు ఆ సందులోంచే ఉబ్బాయి. ఫిర్యాదులు పెరిగాక ఆగస్టులో హైదరాబాద్‌లో రెండు ఆస్పత్రులకు కరోనా చికిత్స అనుమతి రద్దు చేసింది. చర్య తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉందని అప్పుడు తేలింది. దాన్ని వాడటానికి మహమ్మారి దాకా ఆగాల్సిన పని లేదు.

చట్టమూ ఉంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెలంగాణకూ వర్తిస్తుంది. ఆ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు ప్రతి ఆస్పత్రి తన రేట్లను స్థానిక భాషలో, ఇంగ్లిష్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలంటాయి. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు తెలుగులో ఆ బోర్డు ఎక్కడుందో వెతకండి. ఆ రేట్లకు ప్రభుత్వం ఒక పరిధి నిర్ణయించాలని కూడా నిబంధనల్లో ఉంది. ఆ పని జరగాలి. దానితో పాటు సిజేరియన్ల శాతం, ఐసీయూ మరణాలు, ఇన్ఫెక్షన్ల వివరాలు ప్రతి పెద్ద ఆస్పత్రీ ఏటా ప్రకటించాలి. మదుపరులకు మూడు నెలలకోసారి లెక్క చెప్పగలిగినవాళ్లు రోగులకు ఏడాదికోసారి చెప్పలేరా?

మీ చేతిలో ఉన్నవి

ముందుగా ఒక హెచ్చరిక. ఛాతీ నొప్పి, పక్షవాతం, ప్రమాదం వంటి అత్యవసరాల్లో యజమాని ఎవరని చూడకండి. 108కి ఫోన్ చేసి, చికిత్స చేయగల దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి. పక్షవాతానికి గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. కింద చెప్పినవి ఆలోచించుకునే వ్యవధి ఉన్న చికిత్సలకు.

• ఖర్చు అంచనా కాగితం మీద అడగండి. ప్యాకేజీలో ఏవి ఉన్నాయి, ఏవి లేవో రాయించుకోండి.

• ‘ఈ పరీక్ష ఫలితం వస్తే చికిత్స ఏం మారుతుంది?’ అని మర్యాదగా అడగండి. మంచి డాక్టర్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

• ఆపరేషన్‌కు ముందు రెండో అభిప్రాయం తీసుకోండి. ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ అందుకు పనికొస్తుంది. మీకు ఆపరేషన్ చేస్తే లాభపడని డాక్టర్ అభిప్రాయానికి విలువ ఎక్కువ.

• మందులు, పరీక్షలు బయట చేయించుకునే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. బిల్లు కట్టలేదని రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపకూడదనీ అందులోనే ఉంది.

• రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య వృత్తి నియమం. రాతపూర్వకంగా అడగండి.

• ఇన్సూరెన్స్ ఉందని పెద్ద గది తీసుకోకండి. పాలసీలో గది అద్దె పరిమితి ఉంటే, అది దాటినప్పుడు మిగతా బిల్లులో కొంత భాగానికీ అదే నిష్పత్తిలో కోత పడొచ్చు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది.

• అన్యాయం జరిగిందనిపిస్తే జిల్లా వైద్య, ఆరోగ్యాధికారికి, కలెక్టర్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆరోగ్యశ్రీ విషయమైతే 104కి, వినియోగదారుగా అయితే 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇవన్నీ చేసినా, ఐసీయూ అద్దాల బయట నిలబడ్డ కుటుంబం బేరం ఆడలేదు. నాన్న లోపల ఉన్నప్పుడు ఏ కొడుకూ ‘ఈ ఇంజెక్షన్ అవసరమా’ అని గట్టిగా అడగలేడు. అందుకే ఈ భారం కుటుంబాల మీద వదిలేయడం న్యాయం కాదు. ధరలకు హద్దు పెట్టడం, లెక్కలు బయటపెట్టించడం, సర్కారు దవాఖానను భరోసాగా నిలబెట్టడం ప్రభుత్వం చేయాల్సిన పనులు. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను రోడ్డు గురించి, పింఛను గురించి అడుగుతున్నాం. మన జిల్లా ఆస్పత్రిలో ఎన్ని నిపుణుల పోస్టులు ఖాళీగా ఉన్నాయని కూడా అడుగుదాం.